దివానుగారి ఎత్తుపళ్ళు

1999 అక్టోబరులో నేను చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి దంతవైద్య విభాగంలో సీనియర్ డెంటల్ మెకానిక్‌గా ఉన్నాను. పదవీ విరమణకి ఇంకా ఎనిమిది నెలలుంది. మెకానిక్ అనగానే చాలామంది స్కూటర్లు బాగుచేసేవాడనుకుంటారు. పెళ్ళిచూపులప్పుడు మా మామగారు కూడా అలాగే అనుకుని, తన మోపెడ్ గురించి నన్ను రెండు ప్రశ్నలడిగారు. డాక్టరు రోగి నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేసి, దానిమీద మైనంతో పళ్ళు అమర్చి, ఆ మైనం కరిగించి ఆ చోట యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ ముద్ద నింపి ఉడికించి, సానపట్టి, కట్టుడుపళ్ళుగా తిరిగి డాక్టరు చేతికి ఇవ్వడం మా పని. రోగి మమ్మల్ని చూడడు, మేము రోగిని చూడం. ఆయన నోరు మాత్రం మాకు ఆయన భార్యకంటే బాగా తెలుసు.

ఆ నెలలో ఒకరోజు మా విభాగాధిపతి డాక్టర్ విమల నన్ను పిలిచి, సీలు వేసిన అట్టపెట్టె ఒకటి, కవరు ఒకటి చేతికిచ్చారు. జిల్లా వినియోగదారుల ఫోరం నుంచి వచ్చాయి. అమ్మిన వస్తువు అసలుదో నకిలీదో తేలకపోతే దాన్ని తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించుకోవచ్చని చట్టంలో ఉంది. పళ్ళకి తగిన ప్రయోగశాల ఏదని ఫోరం వాళ్ళు వాకబు చేస్తే ఎవరో మా పేరు చెప్పారట. మెట్లకింద ప్లాస్టర్ దుమ్ముతో తెల్లబడిపోయిన మా రెండు బల్లల గది ఆ ఉత్తరంతో ప్రయోగశాల అయిపోయింది. డాక్టర్ విమల తమిళావిడ, మాటలు తక్కువ. పరిశీలన నాదేననీ, నా సంతకం కింద ఆమోదిస్తూ తాను సంతకం చేస్తాననీ, పదిరోజుల్లో నివేదిక కావాలనీ చెప్పి తన రోగుల దగ్గరికి వెళ్ళిపోయారు.

బల్ల దగ్గర పెట్టె విప్పాను. దూది మధ్య పై వరస ఎత్తుపళ్ళ తొడుగు ఒకటి ఉంది. సొంత పళ్ళున్నవాళ్ళు వాటిమీద తగిలించుకుని, అవసరం తీరాక ఊడదీసుకునే రకం. ముందు నాలుగు పళ్ళు పెదవి దాటి బయటికి వచ్చేట్టున్నాయి. నడిమి పన్నుకీ దాని పక్క పన్నుకీ మధ్య వేరుశనగ గింజ పట్టేంత సందు. రెండు చివర్లా తొడుగుని పట్టి ఉంచే తీగ కొక్కేలు. ఆ కొక్కేల కొసలు చిగురుకి గుచ్చుకోకుండా సన్నగా ముక్కుపుడకలాగా చుట్టి ఉన్నాయి. మా విభాగంలో అలా చుట్టేవాడు ఒక్కడే. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. అది నేను చేసిందే.

ఇక కవరులోని కాగితాలు చదివాను.

డెబ్బైల మొదట్లో కోడంబాకంలో తీసిన ఒక తెలుగు సినిమాలో ఒక హాస్యనటుడు సంస్థానం దివాను వేషం వేశాడు. ఎత్తుపళ్ళు, వాటి సందులోంచి ఈల వేసినట్టు నవ్వు. ఆ సినిమా తర్వాత ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఊరంతటికీ దివానుగారే. నేను చెప్పే కాలానికి ఆయన పోయి మూడు నాలుగేళ్ళయింది. ఆయన దగ్గర మేకప్ సహాయకుడిగా పనిచేసిన మునిరత్నం అనే ఆయన ఆ పళ్ళని ఇన్నాళ్ళూ దాచుకుని, ఇంటర్నెట్లో వేలానికి పెట్టాడు. అప్పట్లో ఇంటర్నెట్ అంటే ఫోను తీగని కంప్యూటరుకి తగిలించి, అది కీచుమంటూ కలిసేదాకా ఎదురుచూడటం. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే తెగిపోయేది. వేలం నడిపే సైట్లు ఒకటీ అరా కొత్తగా వచ్చాయి. మునిరత్నం కూతురు ఒక బ్రౌజింగ్ సెంటర్లో పనిచేసేది, ఆ పిల్లే ఫొటో తీసి పెట్టింది. 'దివానుగారు సినిమాలో పెట్టుకున్న అసలు పళ్ళు, ఇది తప్ప వేరే జత లేదు' అని కింద రాసింది. ప్రారంభ ధర అయిదువందలు.

కొన్నది జార్జి టౌన్‌లో కాగితం టోకు వ్యాపారం చేసే సుబ్బరాయ శెట్టిగారు. దివానుగారంటే ఆయనకి పిచ్చి. నటుడు వాడిన తలపాగా, చేతికర్ర, కళ్ళజోడు అప్పటికే ఆయన బీరువాలో ఉన్నాయి. పళ్ళు ఒక్కటే తక్కువ. వేలం ముగిసేరోజున ఇంట్లో అల్లుడి కంప్యూటరు ముందు కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోను చేసి లైను తెగ్గొడితే ఏంగాను అని భయపడి, తన గుమస్తాని బ్రాడ్వేలో ఒక బ్రౌజింగ్ సెంటరుకి పంపించి, ఎంతైనా సరే వదలొద్దని చెప్పారు. లైను తెగలేదు. శెట్టిగారు ఒక పేరుతో, గుమస్తా ఇంకో పేరుతో, ఒకరినొకరు గుర్తుపట్టకుండా గంటసేపు ఒకరిమీద ఒకరు పాడుకున్నారు. అయిదువందల వస్తువు పద్దెనిమిది వేలకి వెళ్ళింది. గెలిచింది గుమస్తా. యజమాని ఓడిపోయినందుకు దిగులుపడి ఆ రోజు భోజనం చేయలేదనీ, సాయంత్రం గుమస్తా వచ్చి శుభవార్త చెబితే అసలు సంగతి తెలిసిందనీ ఫిర్యాదులోనే రాసి ఉంది. ఎవరు రాశారో గాని ఆ లాయరుకి నిజం దాచే అలవాటు లేదు.

ధర సంగతి అలా ఉంచి, అసలు చిక్కు ఇంకొకటి. శెట్టిగారి హాల్లో దివానుగారి పెద్ద ఫొటో ఉంది, సినిమా తీసేటప్పుడు తీసింది. పళ్ళు ఇంటికొచ్చాక ఆయన వాటిని ఆ ఫొటో కింద పెట్టి చూసుకున్నారు. ఫొటోలో పళ్ళ సందు దివానుగారి ఎడమవైపున ఉంది. చేతిలో ఉన్న పళ్ళకి సందు కుడివైపున ఉంది. క్యాసెట్ వేసి చూశారు. కోట గుమ్మం దగ్గరి దృశ్యంలో సందు ఎడమవైపే. అంటే ఇవి నకిలీవి. తన డబ్బు తనకి ఇప్పించాలి, పళ్ళు వెనక్కి తీసుకోవాలి. సైటు మొదటి ప్రతివాది, మునిరత్నం రెండో ప్రతివాది. సైటువాళ్ళు తాము వేలానికి చోటు ఇచ్చామే తప్ప వస్తువుతో తమకి సంబంధం లేదని ఒక ఉత్తరం పంపి ఊరుకున్నారు. భారమంతా మునిరత్నం మీద పడింది.

ఫొటో ప్రతి ఒకటి కాగితాలతో జతచేశారు. దాన్నీ, పళ్ళనీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఏం జరిగిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండునని కూడా అనిపించింది.

మునిరత్నం, నేను చిన్నప్పుడు వాషర్‌మన్‌పేటలో ఒకే వీధివాళ్ళం. ఇద్దరివీ తరాల కింద ఆ ఊళ్ళో స్థిరపడిన తెలుగు కుటుంబాలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడొచ్చి, మైనంతో చేసిన పళ్ళు లైట్ల వేడికి కరిగి దివానుగారి గడ్డం మీదికి కారుతున్నాయనీ, గట్టివి చేసివ్వమనీ అడిగాడు. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా బయటిపని చెయ్యకూడదు. ఆ నియమం నాకు తెలుసు. దివానుగారి అచ్చు నా చేత్తో తియ్యొచ్చన్న ఆశ ముందు ఆ నియమం నిలవలేదు. యాక్రిలిక్ సొంతంగా కొన్నాను. ఉడికించడానికి వాడే ఇత్తడి డబ్బా, ప్రెస్సు మాత్రం ఆసుపత్రివి. ఆదివారం ఎవరూ లేనప్పుడు పని చేశాను. దర్శకుడు గీసిచ్చిన బొమ్మ చూసి సందు ఎడమవైపు పెట్టాను. అందరికీ నచ్చింది.

పది రోజులకి మునిరత్నం మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. చెరకుగడ కొరికే దృశ్యంలో అసలు చెరకే కావాలని దర్శకుడు పట్టుబట్టాడట. దివానుగారు కొరికారు. చెరకు బాగానే ఉంది, పళ్ళు ముక్కలయ్యాయి. మర్నాటికల్లా ఇంకో జత కావాలి. నా దగ్గర దవడ నమూనా ఉంది గాని, బొమ్మ లేదు. సందు ఏ పక్కన పెట్టానో గుర్తులేక వాణ్ణే అడిగాను. నాకెదురుగా నిలబడి తన నోట్లో వేలుపెట్టి 'ఈడ' అని చూపించాడు. వాడు చూపించింది వాడి ఎడమ. నాకు కుడిచేతివైపు కనబడింది. కుడి అని రాసుకుని కుడివైపే చేశాను. కుడి, ఎడమ అన్నవి రోగివి, చూసేవాడివి కావు. మా వృత్తిలో మొదటిరోజు నేర్పే పాఠం అది. తర్వాత పాతికేళ్ళకు పైగా కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ పాఠం నేర్పింది నేనే.

మర్నాడు షూటింగులో ఎవరూ గమనించలేదు. సినిమా విడుదలయ్యాక నేనూ థియేటరులో చూసి, నా చేతిపని తెరమీద మెరుస్తుంటే పొంగిపోయానే గాని, నేనూ గమనించలేదు.

నివేదిక ఎలా రాయాలా అని రెండురోజులు తర్జనభర్జన పడుతుండగా మునిరత్నమే మా గదికి వచ్చాడు. ఇరవై ఏళ్ళ తర్వాత చూడటం. మనిషి బాగా తగ్గిపోయాడు. మాధవరం నుంచి రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. పళ్ళు నా దగ్గరికే వచ్చాయని వాడికి తెలియదు. నా సాయం అడుగుదామని వచ్చాడంతే. బల్లమీద పెట్టె చూసి ఆగిపోయాడు.

"రాఘవులన్నా, ఇవి నీ చేతికే వచ్చినాయా? దేవుడున్నాడు లే. నువ్వు చేసిందే గదా ఇది. ఒక మాట రాసి ఇచ్చేయ్, సరిపోతుంది."

వాడితో ఆ విషయం మాట్లాడకూడదనీ, ఇద్దరికీ ఇబ్బంది అవుతుందనీ చెప్పాను. వాడు వినిపించుకునే స్థితిలో లేడు.

"ఆయన పోయే ముందు నా చేతిలో పెట్టి 'ఉంచుకోరా' అన్నాడన్నా. నాకాడ ఇవి తప్ప ఇంకోటి యాడుంది? శెట్టిగారు సందు మారిందంటాడు. సందు ఎట్ట మారుద్దన్నా, అది నడిచి పోయేదా? మా వీధిలో పిల్లోళ్ళు గూడా 'దొంగపళ్ళ తాత' అంటా ఉండారు. ముప్పై ఏళ్ళు మొహాలకి రంగు పూసినా గాని, ఎవురి మొహానా మసి పూయలే నేను."

వచ్చిన డబ్బుతో ఇంటి పైకప్పు వేయించేశాడట. తీర్పు వ్యతిరేకంగా వస్తే కప్పు పీకి ఇవ్వలేడు కదా అన్నాడు, నవ్వబోయి నవ్వలేక. సందు ఎందుకు మారిందో వాడికి నిజంగా తెలియదు. రెండు జతలూ ఒకేలా ఉన్నాయని ఇన్నాళ్ళూ నమ్మాడు. 'సరే, పో, నేను చూసుకుంటా' అని పంపించాను గాని, ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

నా ముందు రెండు దారులున్నాయి. 'యాక్రిలిక్‌తో చేసినది, పాతది, ఎవరిదో నిర్ధారించలేము' అని రాసి ఊరుకోవచ్చు. అందులో అబద్ధం ఒక్క ముక్క ఉండదు. మునిరత్నం మాత్రం మోసగాడవుతాడు. లేదా ఉన్నదున్నట్టు రాయాలి. అప్పుడు అనుమతి లేని బయటిపని, ఆసుపత్రి పరికరాల వాడకం, కుడి ఎడమ తెలియని పనితనం, మూడూ నా సంతకంతో రికార్డుకి ఎక్కుతాయి. ఎనిమిది నెలల్లో పెన్షన్ కాగితాలు కదలాల్సినవాడు ఆ మూడింటిలో ఒక్కటి కూడా కోరి రాసుకోడు.

ముందు ఒకటి తేల్చుకోవాలనిపించింది. నా తప్పు నిజంగా తెరమీద ఉందా? ఆదివారం మధ్యాహ్నం క్యాసెట్ అద్దెకి తెచ్చి ఇంట్లో పెట్టాను. నా భార్య కామాక్షి బియ్యం చెరుగుతూ పక్కన కూర్చుంది. ఆమెకి నేనేమీ చెప్పలేదు. నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి చూస్తుంటే ఆమె కాసేపు ఓర్చుకుంది. దివానుగారు కోట గుమ్మం దాటి హాల్లోకి వచ్చే చోట చేట పక్కన పెట్టి అడిగింది.

"ఏమండీ, ఆయన పళ్ళసందు గుమ్మం బయట ఆ పక్క ఉండె, లోపలికొచ్చేసరికి ఈ పక్కకి వచ్చిందే. ఎవురు చేసినారో గాని, కుడెడమలు తెలీనోడు చేసినట్టుండాడు."

అవునని మాత్రం అన్నాను.

మర్నాడు డాక్టర్ విమల గదికి వెళ్ళి నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విని, ఆ రెండో జత చేసినప్పుడు నా వయసెంత అని మాత్రం అడిగారు. ముప్పై అని చెప్పాను. ముప్పై ఏళ్ళవాడికి కుడి ఎడమ తెలిసి ఉండాలి కదా అన్నారు. ఉండాలి అన్నాను. ఇలా సంబంధమున్నవాడు పరిశీలించకపోవడమే పద్ధతి అనీ, అయితే ఇంకెవరికి ఇచ్చినా ఈ నిజం బయటికి రాదనీ, కాబట్టి నేనే రాసి, నా సంబంధం కూడా అందులోనే రాయాలనీ తేల్చారు. ఫోరంవాళ్ళు ఏమడిగితే దానికి జవాబు చెప్పమన్నారు. ఆసుపత్రి సంగతి తర్వాత ఆసుపత్రి చూసుకుంటుందన్నారు.

నివేదిక పదకొండు వాక్యాలు వచ్చింది. ఏ పదార్థం, ఏ రకం తీగ, కొక్కెం ఎలా వంచారు, రంగు ఎంత మారింది, ఒకే నటుడికి రెండు జతలు ఎందుకు అవసరమయ్యాయి, రెండోదానికి సందు ఎందుకు మారింది, అన్నీ వరసగా రాశాను. పదకొండో వాక్యంలో 'పై రెండు జతలూ ఈ నివేదిక రాసినవాడే తయారుచేశాడు' అని రాసి సంతకం పెట్టాను.

విచారణ నవంబరులో జరిగింది. ఫోరానికి అధ్యక్షుడు రిటైరైన జిల్లా జడ్జి, ఇద్దరు సభ్యులు. శెట్టిగారు జరీ అంచు పంచె, చేతిలో క్యాసెట్, వెనక గుమస్తాతో వచ్చారు. మునిరత్నం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని గోడవార కూర్చున్నాడు. మాటలన్నీ తమిళంలో, ఇంగ్లీషులో జరిగాయి. గుర్తున్నంతవరకు తెలుగులో చెబుతున్నాను.

శెట్టిగారి లాయరు లేచి నా నివేదికని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"పదకొండు వాక్యాలు రాశారు. ఈ పళ్ళు మీరే చేశారన్న సంగతి ఆఖరి వాక్యంలో ఉంది. మొదట ఎందుకు రాయలేదు?"

"మొదటి పదీ పళ్ళ గురించి సార్. ఆఖరిది నా గురించి."

అధ్యక్షుడు నవ్వలేదు గాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లాయరు వదల్లేదు. రెండో ప్రతివాది నా చిన్ననాటి స్నేహితుడా? అవును. ఈ పళ్ళు ఎక్కడ ఉడికించారు? ఆసుపత్రిలో. అనుమతి ఉందా? లేదు. అంటే నియమాలు పాటించని మనిషి, స్నేహితుణ్ణి కాపాడటానికి ముప్పై ఏళ్ళనాటి ఒక పొరపాటు కథ అల్లుకొచ్చాడని ఫోరం అనుకోవచ్చా?

అప్పటికి నాకు కాస్త కోపం వచ్చింది. "అనుకోవచ్చు సార్. కానీ స్నేహితుడి కోసం అబద్ధం చెప్పాలంటే ఇంకేదైనా చెబుతాను. నాకు కుడి ఎడమ తెలియదని ఏ మెకానిక్కూ అబద్ధం చెప్పడు. క్యాసెట్ మీ చేతిలోనే ఉంది. సందు ఎడమవైపు ఉన్న దృశ్యం దగ్గర మీరు ఆపేశారు. దాని తర్వాతది కూడా చూపించండి."

టీవీ, వీసీఆర్ తెప్పించారు. పక్కగది గుమస్తాలు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. శెట్టిగారే స్వయంగా క్యాసెట్ పెట్టారు. దివానుగారు కోట గుమ్మం దగ్గర కాపలావాణ్ణి తిట్టారు, సందు ఎడమవైపు. గుమ్మం దాటి హాల్లోకొచ్చి నవ్వారు, సందు కుడివైపు. కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగారు, సందు మళ్ళీ ఎడమవైపు. దృశ్యాలని కథ వరసలో తీయరు గనక రెండు జతలూ అలా కలిసిపోయాయి. అధ్యక్షుడు ఆపమని, వెనక్కి తిప్పమని, మళ్ళీ వేయమన్నారు. మూడోసారికి హాలంతా నవ్వుతోంది. మునిరత్నం లేచి టీవీ దగ్గరకంటా వెళ్ళి, తన నోట్లో వేలుపెట్టి ఏది ఎడమో చూసుకుంటున్నాడు.

శెట్టిగారు ఒక్కరే నవ్వలేదు. తెరవంక చూస్తూ నిలబడిపోయారు.

"నలభై సార్లు చూసినానే ఈ సినిమా! మా ఇంట్లోవాళ్ళు తిడతా ఉన్నా చూసినా. ఇది నాకు ఎట్ట కనబడలా?" తర్వాత నా వైపు తిరిగి, "డాక్టరుగారూ, ఇట్ట సందు మారిన జత ఇంకోటి యాడైనా ఉందా?" అని అడిగారు.

నేను డాక్టర్ని కాననీ, ఇంకోటి లేదనీ చెప్పాను. మొదటి జత చెరకు దగ్గరే పోయింది.

శెట్టిగారు లాయరు చెవిలో ఏదో చెప్పారు. లాయరు మొహం మాడ్చుకుని లేచి, తన కక్షిదారు ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాడనీ, వస్తువు తన దగ్గరే ఉంచుకోవడానికి సమ్మతిస్తున్నాడనీ చెప్పాడు. తప్పుగా చేసిన పళ్ళు కాబట్టే ఇంత అపురూపమైనది ఏ దివాను అభిమాని దగ్గరా ఉండదని శెట్టిగారు పక్కనున్న గుమస్తాతో పైకే అన్నారు.

మునిరత్నం అది విన్నాడు. టీవీ పక్కనుంచి చెయ్యెత్తాడు.

"అయ్యా, ఒక మాట. ఇది తప్ప వేరే జత లేదని రాసి గదా నేను అమ్మింది. ఇప్పుడు ఇది రెండో జతని తేలిపోయె. అంటే నేను తప్పు వివరం రాసి అమ్మినట్టు. ఆ అమ్మకం చెల్లదు. నా పళ్ళు నాకు ఇప్పించేయండి."

"ఎట్ట ఇప్పిస్తారు?" శెట్టిగారు పంచె ఎగ్గట్టారు. "ఈడికి వచ్చేదాకా అసలుదే అంటివి గదా!"

"ఆమా, అసలుదే. అందుకే గదా అడిగేది!"

రెండు నెలలుగా తీసుకోమని ఒకాయన, తీసుకోనని ఒకాయన పోట్లాడారు. ఇప్పుడు ఇవ్వమని ఒకాయన, ఇవ్వనని ఒకాయన. అధ్యక్షుడు కాసేపు విని, ఇద్దరూ తమ కాగితాలు మార్చుకుంటే పాత వాదనలే పనికొస్తాయని సలహా ఇచ్చారు. తర్వాత నన్ను అడిగారు, నిపుణుడిగా ఈ వస్తువు విలువ ఎంతని చెబుతాను అని.

పళ్ళుగా చూస్తే విలువ ఏమీ లేదన్నాను. ఒక్క నోటికే సరిపడే వస్తువు, ఆ నోరు ఇప్పుడు లేదు. మిగతా విలువ మా శాఖ పరిధిలోకి రాదు. ఆయన అది రాసుకుని, పావుగంట బయటికెళ్ళి మాట్లాడుకు రమ్మని ఇద్దరినీ పంపించారు.

వరండాలో కాఫీ తెప్పించింది శెట్టిగారే. మునిరత్నం గ్లాసు పట్టుకుని నాతో మెల్లగా అన్నాడు. "డబ్బు కోసం కాదన్నా. ఇన్నేళ్ళు పెట్లో పెట్టుకున్నా. దాంట్లో ఇంత కథ ఉండాదని తెలీకుండానే ఇచ్చేసినా. చెప్పుకోవడానికి ఇప్పుడు కథ ఉండాది, చూపించడానికి పళ్ళు లేవు."

శెట్టిగారు అది విని ఊరుకోలేదు. "చూపించేదానికి నాకాడ పళ్ళుండాయి. చెప్పేదానికి నాకేం తెలుసు? ఆయన పుట్టినరోజుకి మా ఇంట్లో ఏటా ముప్పై మంది కూర్చుని సినిమా చూస్తారు. నువ్వొచ్చి చెప్పు అబ్బయ్యా. ఆ చెరకు సంగతి మొదలుకొని చెప్పు. చెప్పేటప్పుడు పళ్ళు నీ చేతిలోనే ఉంటాయి."

మునిరత్నం కాఫీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఒక్క షరతు పెట్టాడు. మాధవరంలో తన వీధికి శెట్టిగారు స్వయంగా వచ్చి, పళ్ళు అసలువేనని పదిమందిలో చెప్పాలి. శెట్టిగారు ఆ ఆదివారమే కారులో వెళ్ళి చెప్పొచ్చారు. మునిరత్నం ఆయన్ని మేడమీదికి తీసుకెళ్ళి కొత్త కప్పు కూడా చూపించాడట.

ఆ తర్వాత సంవత్సరం పుట్టినరోజుకి నన్నూ పిలిచారు. పళ్ళు అద్దాలపెట్టెలో ఉన్నాయి. కింద అట్టమీద ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు వాక్యాలు. వాడినవారు దివానుగారు. భద్రపరిచినవారు మునిరత్నం. కుడి ఎడమలు మార్చి తయారుచేసినవారు రాఘవులు. కామాక్షి దాన్ని రెండుసార్లు చదివి, సినిమా చూసిన రోజు తన మాటకి నేను ఎందుకు అంత తొందరగా ఒప్పుకున్నానో ఇప్పుడు తెలిసిందంది.

ఆసుపత్రి తన వంతు తాను చేసింది. ఫోరం ఉత్తర్వు నకలు సూపరింటెండెంటుకి చేరింది. నాకు మెమో వచ్చింది. జవాబుగా ఉన్నదంతా రాసిచ్చాను. డాక్టర్ విమల దానికింద, నిజం తనంతట తానుగా చెప్పాడనీ, పనితనం గురించి ఈ ముప్పై ఏళ్ళలో వేరే ఫిర్యాదు లేదనీ రాశారు. చివరికి నా సర్వీసు రిజిస్టరులో 'ఇకమీదట అనుమతి లేకుండా సినిమాలకు పళ్ళు తయారుచేయరాదని హెచ్చరించడమైనది' అని ఒక వాక్యం చేరింది. ఆ రిజిస్టరులో అలాంటి వాక్యం ఉన్న ఉద్యోగిని నేనొక్కణ్ణేనని పెన్షన్ విభాగం గుమస్తా చెప్పాడు. పెన్షన్ ఆలస్యం కాలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటే. పరిశీలించమని ఇచ్చిన వస్తువుతో మనకి ఏ సంబంధం ఉన్నా, దాన్ని నివేదిక మొదటి వాక్యంలో రాయాలి. అక్కడ రాస్తే అది సమాచారం. పదకొండో వాక్యంలో రాస్తే అది ఒప్పుకోలు, దానికి లాయరు ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. పదవీ విరమణ తర్వాత కోర్టులు నన్ను ఇంకో నాలుగుసార్లు పిలిచాయి. నాలుగు నివేదికల్లోనూ మొదటి వాక్యం నా గురించే రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు.